వేషం

ఆరేళ్ళ కిందటి చీటీ.
మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి
ప్లాస్టిక్ కవర్లో దాచుకుంది.
పది రోజులకని రాసిన తెల్లమాత్రను
సంపూర్ణ ఆరేళ్ళు మింగింది.

"కీళ్ళు పట్టేస్తే మామిడికాయ కోసేదెట్ట సార్,
గుజ్జు ఫ్యాక్టరీలో పొద్దంతా నిలబడేదెట్ట?"
దామలచెరువు మెడికల్ షాపులో
చీటీ మీది తేదీ ఎవరూ చూడలేదు.
ముఖం గుండ్రంగా నిండితే
"వొళ్ళు చేసినావే" అని మెచ్చుకున్నారు కూడా.

ఇప్పుడు కడుపునొప్పి.
మంచం కమ్మీ పట్టుకుని మెలికలు తిరిగే నొప్పి.
జ్వరం లేదు. పొట్ట మెత్తగానే ఉంది.
స్కానులో ఏమీ లేదు.
సర్జన్లు రెండుసార్లు వచ్చి రెండుసార్లు వెళ్ళారు.
లివరు అంకెలు మాత్రం
మోకాళ్ళ పర్వతాన్ని పరుగున ఎక్కుతున్నాయి.

కిటికీ అవతల గంగజాతర డప్పులు.
నిన్న బైరాగి, ఇవాళ బండ, రేపు తోటి.
సున్నం పూసుకున్నాక
సొంత మేనమామనైనా గుర్తుపట్టలేం.
ఆ తెల్లమాత్ర కూడా అంతే,
జ్వరాన్ని జ్వరంలా ఉండనివ్వదు.

రాత్రి రెండింటికి హైమవతి మేడం
ఏమీ మాట్లాడకుండా ఆమె జడ విప్పింది.
టార్చి వేసి పాయపాయగా వెతికింది,
పేలు చూసే తల్లిలాగా.
చెవి వెనక ఒకటి.
ఒక్కటే. ఆవగింజంత నీటిపొక్కు.

"చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?"
"ఎనిమిదేండ్లప్పుడు.
వేపమండల మీద పండబెట్టి
మూడు నీళ్ళు పోసి సాగనంపినారు గదా."

పోలేదు.
ముప్పై ఎనిమిదేళ్ళు నరాల మొదట్లో ఒదిగి కూర్చుంది,
కాపలావాడికి మనమే మత్తుపెట్టేదాకా.

పొక్కు నీళ్ళు, నెత్తురు పరీక్షకు పంపాం.
రిపోర్టు రెండు రోజులకు.
మందు ఆ రాత్రే ఎక్కించాం.
సంపూర్ణ వాళ్ళమ్మ సెలైన్ స్టాండు పట్టుకుని
"అమ్మవారికి సూదేస్తారా?" అంది.
నేను తలొంచుకున్నాను.
"ఆమెను అడిగే ఏస్తాం లేమ్మా" అంది మేడం.

మూడోరోజు వీపంతా పొక్కులు.
చూసి నాకు సంతోషం కలిగింది.
ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

లివరు అంకె నిన్నటికంటే పన్నెండు తగ్గింది.
పన్నెండే.
చీటీ ఇంకా తలగడ కిందే ఉంది.
చించేద్దామని చేతిలోకి తీసుకున్నా.
ఆ మాత్ర ఒక్కసారిగా మానకూడదని
అదీ నేనే చెప్పాలి.