గాయాలు అనే గడి

గుంటూరు కలెక్టరాఫీసు గోడవారన
అర్జీలు రాసి బతికేవాణ్ణి.
నల్లపాడు నుంచి నడిచొచ్చాడు
మేకతోటి సమాధానం, మాజీ సిపాయి.
ఇప్పుడు కాసేది మిరప టిక్కీలను,
మాటమాటకీ ఘాటు దగ్గు.

"ఏ యుద్ధం చేశావు పెద్దాయనా?"
"చెయ్యలేదయ్యా. అయిపోయినాక పంపారు,
ఓడినోళ్ళ ఊరికి కాపలా."
జపాను. నలభై ఆరు.
కాలిన ఊళ్ళో కాలకుండా మిగిలిన వంతెన,
దాని మొగదల తుపాకీతో ఈయన.

గాయాలు? అని ఒక గడి.
ఏం లేవన్నాడు. అడ్డగీత గీశాను.

గీశాక మొదలుపెట్టాడు.
"వీపున చిలగడదుంపల మూటతో ఓ ముసలామె
నన్ను చూసి దారి దిగింది.
మూట దించి
నడుం రెండుగా మడిచి వంగింది.
నాకెవరు వంగారయ్యా అప్పటిదాకా?
దొర వచ్చాడేమోనని ఎనక్కి తిరిగి చూశా.
ఎవరూ లేరు.
చిటికెసేపు బాగనే ఉండింది, అబద్ధమెందుకు.

తర్వాత ఆ వీపు గుర్తుపట్టా.
కరణంగారి వీధిలో మా అమ్మది.
చెప్పులు చేతబట్టుకుని,
చూపు మట్టిలో పెట్టి,
అచ్చం అట్టాగే.

'లెగమ్మా' అన్నా. మన మాటే వచ్చింది నోటికి.
ఏమర్థమైందో,
ఇంకా వంగింది.

మా దేశంలో దొరలు, ఆ దేశంలో నేను.
బూట్లు మాత్రం వాళ్ళిచ్చినవే."

దగ్గు తెర ఆగేదాకా కూచున్నాను.
గీసిన గీతను ఎట్లా చెరపాలో తెలీలేదు,
సిరా అప్పటికే ఆరిపోయింది.

సంతకానికి ఆయన వంగబోతుంటే
అట్ట పైకెత్తి
ఛాతీ ఎత్తున పట్టుకున్నాను.