జరగండి అనేవాళ్ళు లేని గుడి

రేణిగుంట రోడ్డులో మా గోడౌను.
రేకుల కింద పన్నెండు మంది ఆడోళ్ళు
ఇనప దువ్వెనల్లో వెంట్రుకలు దూస్తా ఉంటారు.
పొడుగువి ఒక పక్క, పొట్టివి ఒక పక్క,
నెరిసినవి వేరే సంచి.
కొండ మింద మొక్కు తీరినాక
కొండ కింద మొదలయ్యేది మా పని.

పోయిన పుష్యమాసంలో
తూకంలో తేడా వచ్చిందని
మా వోనరు కందసామి నన్ను చైనాకు పంపించినాడు.
నాలుగు దినాలు సంచులు విప్పి, సంచులు కట్టి
అయిదో దినం ఊరికే కూసోనుంటే
దుబాసీ పిల్ల ష్యూఫెన్ అడిగింది,
గుడికి వస్తావా అని.

తిరుపతోణ్ణి. గుడికి రానంటానా.

ఎర్ర తలుపులు, ఇత్తడి బొడిపెలు.
వాకిట్లో రెండు రాతి సింహాలు,
ఒకదాని కాలి కింద బంతి,
ఇంకోదాని కాలి కింద దాని పిల్ల.
గడప మోకాలెత్తు.
తొక్కొద్దని ష్యూఫెన్ చెప్పకముందే
కాలు దానంతటదే పైకి లేసింది.
మా అవ్వ కొట్టిన దెబ్బలకు
ఆ మాత్రం తెలుసు దానికి.

బూట్లు విప్పేసినా.
అందరూ నా కాళ్ళనే చూసినారు.
ఊడుస్తా ఉన్న ముసలామె చీపురు పారేసి
నా బూట్లు చేత్తో తెచ్చి
తొడుక్కో తొడుక్కో అని సైగ.
నేను ఒద్దని, ఆమె కాదని,
ఇద్దరం కొంచేపు దేవుడి ముందరే కొట్లాడినాం.
కడాకు బూట్లు నా చంకలో.
చంకలో బూట్లతో దండం పెట్టినోణ్ణి
మా తిరుపతిలో నేనొక్కణ్ణే అయ్యుంటా.

ఎర్ర మొహం సామి. బొడ్డు దాకా గడ్డం.
పేరు చెప్పింది గానీ నాకు నాలిక తిరగలేదు.
యుద్ధాలు చేసినోడంట, మాట తప్పనోడంట,
వ్యాపారం చేసేవాళ్ళంతా ఈయనకే మొక్కుతారంట.
తూకంలో మోసం చేసేవాళ్ళు కూడానా
అని అడగబోయి ఊరకుండిపోయినా.

హుండీ ఉండాది,
దాని మింద సెల్లుఫోను చూపించే గళ్ళ బొమ్మ.
క్యూ లేదు. కంపార్టుమెంట్లు లేవు.
మెడ మింద చెయ్యేసి
జరగండి జరగండి అనేవాళ్ళు లేరు.
పుట్టినప్పట్నుంచీ
రెప్పపాటు దర్శనానికి అలవాటు పడినోణ్ణి.
నెట్టేవాళ్ళు లేకపోతే
దేవుడి ముందర ఎంతసేపు నిలబడాలో
నాకు తెలీలేదు.

అగరొత్తులు మూడు నొసటికి ఆనించి
బూడిద కుండలో గుచ్చినా.
పొగ మాత్రం మన పొగే,
కళ్ళు అట్లే మండినాయి.

పక్కన ఒకామె మోకాళ్ళ మింద.
ముప్పై అయిదేళ్ళుంటాయేమో.
కనుబొమలు లేవు, పెన్సిలుతో గీసుకునింది.
నేలకు తల ఆనించేటప్పుడు
ఒక చెయ్యి రాతి మింద,
ఒక చెయ్యి జుట్టు మింద.
లేసినాక సర్దుకునింది,
టోపీ సర్దుకున్నట్టు.

పదహారేళ్ళుగా ఇదే పని నాది.
ఎనిమిదడుగుల దూరం నుంచే చెప్పేస్తా
ఆముదం తాగి పెరిగిన జుట్టా, షాంపూ జుట్టా,
ఏ ఎండ తినిందో, ఏ నీళ్ళల్లో ఉడికిందో.
ఆ పొద్దు చెప్పలేదు.
తల అవతలికి తిప్పుకున్నా.

ఆమె వెదురు గొట్టం ఎత్తి
లోపలి పుల్లలు గలగలా ఆడించింది.
ఒక పుల్ల కింద పడింది.
దాని మింద అంకె చూసి, గూట్లోంచి చీటీ తీసి
చదవకుండానే మడిచి
జోబులో పెట్టుకునింది.

తిరిగొచ్చినాక టీ అంగట్లో అందరిదీ ఒకటే మాట:
చైనాలో గుళ్ళు ఉండాయా?
ఉండాయి.
మరి నువ్వేం మొక్కుకున్నావు?

ఈ పొద్దు గోడౌన్లో రెడ్డెమ్మ
చిక్కుబడిన జడ ఒకటి విప్పతా ఉంటే
ఎండిన కనకాంబరం రాలి పడింది.
చెత్తలో వెయ్యబోయి, నా మొహం చూసి,
ఎందుకో కిటికీ మింద పెట్టింది.

ఏమీ మొక్కుకోలేదు.
ఆమె వెళ్ళిపోయినాక గూడా
బూట్లు చంకలో పెట్టుకుని
అరికాళ్ళు రాయైపోయేదాకా
ఆడనే నిలబడి ఉన్నా,
ఎవరన్నా వచ్చి
జరగమంటారేమోనని.