డిపాజిట్ పోగా

ఫిబ్రవరి. బఫెలోలో మంచు మోకాలి లోతు.
మేడమీది వాటా తాళం
రెండుసార్లు నోటి ఆవిరి ఊదితే గానీ తిరగలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ
అద్దెకిచ్చి చూడమని ఎవరూ అనలేదు.

ఇరవై ఏడేళ్లు బడి బస్సు తోలాను.
అరిచేతుల కాయల మీద కొన్నాను ఈ రెండు వాటాల చెక్క ఇల్లు.
మా తమ్ముడి కొడుకు కాసిమిర్ దీన్ని పెట్టుబడి అంటాడు.
కంప్యూటర్లో గళ్ల పట్టీ గీసి ఇచ్చాడు:
వచ్చేది, పోయేది, మిగిలేది.
మిగిలే గడిలో చాలా నెలలు ఎర్ర అంకె.

ముందు గది: టీవీ పీకిన నాలుగు చిల్లులు. నలభై డాలర్లు.
పడకగది తలుపు: గడియ దగ్గర చీలిక. తొంభై.
తివాచీ మీద ఇస్త్రీపెట్టె ముద్ర,
పడవ ముక్కులా, అచ్చు గుద్దినట్టు.
దానికెంత వెయ్యను? నూట ఇరవై రాశాను.
పొగ పసిగట్టే మర కడుపులో బ్యాటరీ లేదు.
తిట్టాను. ఖాళీ ఇంట్లో తిట్టు
తిరిగొచ్చి మనకే తగులుతుంది.

తర్వాత స్నానాల గది.

తొట్టి పక్క గోడలో ఆరు పలకలు ఊడి
చిగుళ్లు బయటపడ్డ నోటిలా ఉంది.
వెనక చెక్క నల్లబూజు పట్టి
వేలు పెడితే నానిన అటుకుల్లా దిగింది.
నీళ్లు దారి వెతుక్కుని కింది వాటా కప్పు మీద
టీ రంగు పటం గీశాయి.
మేస్త్రీ ఒరెస్ట్ తల తిప్పకుండానే చెప్పాడు:
రెండు వేల ఎనిమిది వందలు. విప్పేకొద్దీ ఇంకా.

తొట్టిలో పడి ఉంది ఊడిన పట్టుకమ్మీ.
స్క్రూలు చూశాను. పొట్టివి.
ఫోటోఫ్రేము తగిలించుకునేవి,
మనిషి బరువు మోసేవి కావు.

అప్పుడు గుర్తొచ్చింది, రాకపోతే బాగుండేది,
పోయిన మే నెల మెసేజీ:
మిస్ వాండా, మా నాన్న నా దగ్గరికి వస్తున్నాడు,
కాలు పట్టు తప్పుతోంది,
తొట్టి దగ్గర ఒక కమ్మీ వేయిస్తారా?
చూద్దాం, అన్నాను.
జూలైలో మళ్లీ. చూద్దాం, ఒరెస్ట్‌కి తీరిక లేదు.
ఒరెస్ట్‌ను నేను అడగనేలేదు.
నలభై డాలర్ల కమ్మీ, గంట పని.
కాసిమిర్ పట్టీలో ‘చూద్దాం’కి గడి లేదు.

క్లియోఫస్ హెయిర్‌స్టన్.
మెట్ల దగ్గర ఎదురైతే టోపీ ఎత్తేవాడు.
అది ఊడిన రోజు ఆయన చెయ్యి దాని మీదే ఉందా?
నేను అడగలేదు. వాళ్లు చెప్పలేదు.
అక్టోబరులో అంబులెన్సు వచ్చిందని కింది వాటా పిల్ల చెబితే
ఈ వీధికి వస్తూనే ఉంటాయిలే అనుకున్నాను.

అలాగని వాళ్లు దేవుళ్లని కాదు.
గోడ నానిపోతుంటే చెత్త సంచీ అంటించి
నాలుగు నెలలు స్నానాలు చేశారు.
ఒక్క ఫోటో పంపొచ్చు కదా.
పంపితే నేనేమనేదాన్నో
అది మాత్రం నాకు తెలుసు.

పద్నాలుగు రోజుల్లో లెక్క పంపాలి. చట్టం.
డిపాజిట్ తొమ్మిది వందల యాభై.
స్నానాల గది అని రాసి, కొట్టేసి, మళ్లీ రాసి,
ఎదురుగా అంకె వెయ్యకుండా వదిలేశాను.
పొగ మరకి పదిహేను వేశాను,
పక్కన ‘ప్రాణాలతో చెలగాటం’ అని రాశాను.
రాసింది చదువుకుని
కాసేపు కలానికి మూత పెట్టాను.
ఇస్త్రీ ముద్ర కొట్టేశాను. తలుపు ఉంచాను.

ఇవాళ పన్నెండో రోజు.
కవరు మీద రాయడానికి కొత్త చిరునామా ఇవ్వలేదు వాళ్లు.
పాత నంబరుకి చేస్తే మోగుతోంది.
ఎందుకో ఆ కమ్మీని ఇంటికి తెచ్చుకున్నాను,
వంటగది తలుపు వెనక నిలబెట్టాను.
దాని కొసకి తెల్ల పలక ముక్క
ఇంకా పట్టుకునే ఉంది.
మోగుతోంది.