నల్లా రాని రోజు

పొద్దున నల్లా తిప్పితే
రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
హబ్సిగూడలో మెట్ల కింద మా దుకాణానికి
ట్యాంకర్ పైపు చేరేసరికి ఎనిమిదిన్నర.
బిందె దించుతూ గౌస్ అన్నాడు,
"బోర్ నీళ్లక్కా. సబ్బుక్కూడా లొంగయి."

ఆ రోజే అరకు మూట విప్పాను.
గెమ్మెలి బుద్రి తోటవి.
నాలుగేళ్లుగా ఆమె పంపేవి కడిగిన గింజలు,
తోలు ఒలిచి, జిగురు పులియబెట్టి, నీళ్లలో రుద్ది,
సోమవారం పొద్దున బడి వరసలో నిలబడ్డ పిల్లల్లా వచ్చేవి.
వాటికి నా చేతిలో ఒక లెక్క ఉంది:
పదిహేను గ్రాములు, చక్కెర పలుకంత మర,
మరుగు ఆగి అర నిమిషమైన నీళ్లు,
మూడు నిమిషాలు.
ఫోన్ మాట్లాడుతూ కూడా చేసేదాన్ని.

అలాగే చేశాను.
కప్పులోంచి కల్లు కాంపౌండు వాసన.
నాలుక మీద ముందు బురద, ఆ వెనక
మాడిన నిమ్మతొక్క చేదు.
"ఈ ఏడు బుద్రి చెడగొట్టింది" అన్నాను పైకే,
ఇద్దరు గిరాకీల ముందు.
ఎంత పుక్కిలించినా
ఆ మాట ఇంకా నోట్లోనే ఉంది.

"మూటల చీటీ ఉంది, చూశినవా?" అన్నాడు గౌస్.

నోటుబుక్కు కాగితం. ఎవరో బడిపిల్ల చేతిరాత.
గుజ్జు తీసే మర విరిగింది.
బాగుచేసేవాడు పాడేరు నుంచి రాలేదు.
అందుకని పండ్లను పండ్లలాగే మంచెల మీద ఆరబోశాం.
ఇరవై నాలుగు రోజులు.
రాత్రి మంచుకి టార్పాలిన్ కప్పాం.
పగలు చేత్తో తిరగేశాం.
బూజు పట్టినవి ఏరేశాం. బాగుంటే చెప్పండి.

గోడ మీద నా రాతలు నన్నే చూశాయి.
ఇథియోపియాది చలికొండ మీద నిదానంగా గట్టిపడ్డ గింజ,
దానికి సలసల కాగాలి.
మలబారుది వానగాలి తిని ఉబ్బింది,
దాంతో నెమ్మది.
కూర్గు రొబస్టా మొండిది,
వేడి తగ్గిస్తేనే నోరు అదుపులో పెట్టుకుంటుంది.
దూరపు వాళ్లందరికీ ఇన్ని మర్యాదలు రాసుకున్నాను.
బుద్రి పేరెదురుగా మాత్రం ఒకటే లైను.
పక్కింటి మనిషే కదా అని
పెన్ను మూత పెట్టేశాను.

మర మూడు గాట్లు వదులు చేశాను, ఇడ్లీ రవ్వంత.
వేడి ఎనభై ఎనిమిదికి దించాను.
రెండో కప్పులో చేదు పోయింది,
కానీ రుచి తలుపు వెనక నిలబడి మాట్లాడినట్టు ఉంది.
అప్పుడు గుర్తొచ్చాయి నీళ్లు.
మూడు పాళ్లు క్యాన్‌వి, ఒక పాలు బోరువి.
పొడి తడిపి, అది పొంగి అణిగేదాకా ఆగాను.
నలభై అయిదు అంకెలు లెక్కపెట్టాను,
ఫోన్ మోగినా తియ్యలేదు.

మూడో కప్పు.
ముందు రేగొడియం.
చల్లారుతుంటే పనస తొన.
అడుగున, ఆ పొద్దున నేనన్న మాటకి
ఏ కోపమూ లేని తీపి.

గౌస్ కూడా తాగాడు. చాలాసేపు ఏమీ అనలేదు.
వాళ్ల నాయన ముప్పై ఏళ్లు
ఇరానీ హోటల్లో భట్టీ దగ్గర నిలబడ్డవాడు.
"కొత్త పత్తీ డబ్బా ఇప్పిన దినం
అబ్బా మొదటి గిలాస ఎవరికీ అమ్మకపోతుండె.
తనే తాగి, మంట సదురుకుంటుండె.
నేనేమో చాయ్‌కి లెక్క లేదనుకున్న."

బుద్రికి ఫోన్ చేశాను. కొండెక్కితేనే సిగ్నల్.
ఎక్కలేదేమో.
పొద్దున్నటి గిరాకీల్లో ఒకాయన నంబర్ ఉంది,
రెండో ఆయన ఎవరో తెలియదు.

గోడ మీద ఆమె పేరు కింద కొత్త లెక్క రాసి
సుద్దముక్క పెట్టబోతుంటే
సాయంత్రం అయిదింటికి, లోపల,
బకెట్లో ధార పడ్డ చప్పుడు.
నల్లా.
తియ్యటి, మెత్తటి, వేరే నీళ్లు.

గౌస్ నా మొహం చూశాడు.
"మల్ల మొదటికెల్లేనా అక్కా?"