ఇవాళ డ్యూటీలో ఎవరు?

అబాంకాయ్ పోలీసుస్టేషన్‌కి పదకొండు మెట్లు.
మెట్ల కింద నా తోపుడుబండి,
బండి మీద బార్లీ, అవిసెగింజలు వేసిన వేడి కషాయం.
ఇరవై రెండేళ్లుగా ఇక్కడే కాస్తున్నాను.
దొంగల సంగతి నాకు తెలీదు.
ఈ మెట్లెక్కే ఆడవాళ్ల సంగతి తెలుసు.

శాలువా ముక్కుదాకా లాక్కుని వస్తారు.
కొందరు మూడో మెట్టు మీద ఆగి
చెప్పు సర్దుకుంటున్నట్టు వంగుతారు.
వంగినవాళ్లు ఇక పైకి వెళ్లరు.
ఆ మెట్టుకి ఎడమవైపు అంచు విరిగి ఉంటుంది.
నాకెలా తెలుసని అడక్కండి.

పైన సార్జెంట్ పలొమినో.
చెడ్డవాడేం కాదు, నా దగ్గర బాకీ పెట్టడు.
"రక్తం వచ్చిందా?" అంటాడు.
"నువ్వేమన్నావు ముందు?" అంటాడు.
క్వెచువాలో ఏడ్చి చెప్పిన మాట
స్పానిష్‌లో టైపయ్యేసరికి
పళ్లన్నీ ఊడి "ఇంటి గొడవ" అవుతుంది.
ఫిదెన్సియా మొగుడైతే ఆయన ఫుట్‌బాల్ జట్టులో గోల్‌కీపర్.
ఆమె ఇంటికి చేరకముందే
ఆమె ఫిర్యాదు ఇంటికి చేరింది.

పోయినేడు నెలిదా వచ్చింది,
యూనిఫారం భుజాల దగ్గర వదులు.
మొదటి వారమే మెట్లు దిగొచ్చి
నా పీట లాక్కుని కూర్చుని
మూడో మెట్టు మీద వంగిన ఎర్మెలిండాతో
మా భాషలోనే "చెప్పక్కా" అంది.
మోకాలి మీద కాగితం పెట్టి రాసింది.
రాసింది చదివి వినిపించింది.
ఆ రాత్రి జీపు నిజంగానే వెళ్లింది.
వెళ్లిందని సంతలో నాలుగు రోజులు చెప్పుకున్నారు,
జూన్‌లో వాన పడ్డట్టు.

అప్పట్నుంచి మెట్లెక్కే ముందు నన్నడుగుతారు:
"ఇవాళ డ్యూటీలో ఎవరు?"
నెలిదా అయితే గరిటె పైకెత్తుతాను.
కాకపోతే, చలిగా ఉంది,
ఒక కప్పు తాగి పో తల్లీ, అంటాను.
గోడ మీద పెద్ద బోర్డుంది,
మీ భద్రతే మా బాధ్యత అని.
దాన్నెవరూ అడగరు.

సోమవారం నెలిదాకి బదిలీ అయింది.
ఎక్కడికో నాకు చెప్పింది, నోరు తిరగని ఊరు.
సగం కప్పు వదిలేసి బస్సెక్కింది.

ఇదిగో, ఒకామె వస్తోంది. వీపున పిల్లాడు.
శాలువా కప్పిన తీరు నాకు తెలిసిందే.
అడిగింది.

కషాయం పొంగుతోంది. మంట తగ్గించాను.
మళ్లీ పూర్తిగా ఆర్పేశాను.
"పద," అన్నాను.

నాలుగో మెట్టు ఇంత ఎత్తుంటుందని
ఇరవై రెండేళ్లలో నాకు తెలీదు.