అర ఓము

పాలలో వెన్న శాతం చెప్పే పెట్టె మాది.
పీణ్యా రెండో స్టేజీలో, కొబ్బరిపీచు గోదాము మీది
రేకుల షెడ్డులో తయారవుతుంది.

ఆనేకల్ పాల కేంద్రం నుంచి ఫోను:
"ఒకటే చెంబు మేడమ్. ఒకసారి నాలుగంటాది,
మళ్లీ పోస్తే మూడున్నర.
మునెక్కమ్మకు ఏమని చెప్పేది?"

స్కోపు ముల్లు ఆనించాను.
ఐదు వోల్టులు తిన్నగా పడుకోవాల్సిన చోట
గీత వణుకుతోంది,
మీటి వదిలిన నులకతాడులా.

తప్పెవరిదో వెతకక్కర్లేదు.
మార్చిలో పార్టుల జాబితా దిద్దింది నేనే.
రెగ్యులేటరు పక్కన టాంటలం కొట్టేసి
సెరామిక్ అని రాశాను.
ఆవగింజంత ఉంటుంది, చవక,
లోపలి నిరోధం దాదాపు సున్నా.
సున్నా కంటే మంచిదేముంటుంది అనుకున్నాను.
డేటాషీటు పదకొండో పేజీలో ఒక గ్రాఫు ఉంది,
రెండు గీతల మధ్య బూడిదరంగు పట్టీ:
నిరోధం ఈ మేర ఉంటేనే నిలకడ.
నేను పదో పేజీ దాకా చదివాను.

ఎస్పీ రోడ్డులో వాన.
దస్తగిరి భాయి గుమ్మానికి ప్లాస్టిక్ పట్టా కట్టి
లోపల ఒక కెపాసిటరు తొడుగు ఒలుస్తున్నాడు.
నీలం చొక్కా కింద ఇంకో చిన్న డబ్బా.
"చూడు, నాయన అంగీ తొడుక్కున్న పిల్లోడు.
నిన్న అమ్మినోడు మా మేనల్లుడే."
నా బోర్డు దీపం కిందికి లాక్కున్నాడు.
"పది మైక్రో అని రాసుంటాది.
ఐదు వోల్టులు మీద పడితే ఆరు మిగిలితే గొప్ప.
అది సరే. ఈ పాత రెగ్యులేటరుకు
కొంచెం అడ్డం తగలాల మా.
అడ్డమే లేకపోతే ఎక్కడ ఆగాల్నో దానికి తెలీదు."
సొరుగులోంచి అర ఓము రెసిస్టర్లు
కాగితంలో చుట్టి ఇచ్చాడు,
వక్కపొడి పొట్లంలా.

రాగిదారి బ్లేడుతో తెంపి, ఆ సందులో అర ఓము.
నూట నలభై బోర్డులు.
తిప్పేస్వామి గాట్లు పెట్టాడు, నేను అతికాను,
రోజిన్ పొగకు ఇద్దరి కళ్లూ ఎర్రబడ్డాయి.
నాలుగో బోర్డు దగ్గరే గీత పడుకుంది.
మిగతావి మాట్లాడకుండా చేశాం.

ఆనేకల్‌లో తెల్లవారుజామున
ఒకే చెంబు ఏడుసార్లు పోశాను.
నాలుగు పాయింట్ ఒకటి. ఏడుసార్లూ.
క్లర్కు నవ్వాడు.
మార్చి నుంచి జూలై దాకా ఉన్న పుస్తకం తిరగేశాను.
ఏ పొద్దు పెట్టె కిందికి వణికిందో,
ఏ పొద్దు పైకి వణికిందో
ఏ స్కోపూ ఇప్పుడు చూపించదు.
పేజీల అంచున ఎర్రసిరాతో
ఆమె పేరు పక్కన ఒక్కో ప్రశ్నార్థకం.
లెక్కపెట్టాను: పంతొమ్మిది.

మునెక్కమ్మ ఖాళీ చెంబు తీసుకుంది.
పెట్టె వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.
"నీళ్లు నేనెప్పుడూ కలపలే" అంది,
ఎవరూ అడక్కుండానే.