మూడింటి అలారం

మా నాయన సెల్లులో అలారం మూడింటికి మోగుద్ది.
ఒక్క మోతకి రెండు పనులు.
ముందు బ్యాటరీ లైటు పట్టుకుని గట్టు మీదకి పోతాడు,
మీటరు తీగ నీళ్లలోకి వదిలి
రొయ్యలకి ఊపిరి ఎంతుందో చూస్తాడు.
వచ్చి, చేతులు కడుక్కుని,
నా ఉంగరపు వేలు పట్టుకుంటాడు.

ఆ వేలికి నిద్రలోనే అలవాటు.
సూది టక్కుమన్నా లేవను.
నెంబరు బాగుంటే దుప్పటి సర్ది పోతాడు.
లేకపోతే బుగ్గ మీద తడతాడు:
"మే, లెయ్యి. డెబ్బై కింద ఉండావు."

పదకొండో ఏట, నెల్లూరు పెద్దాసుపత్రిలో
డాక్టరమ్మ కాగితం మీద క్లోమం బొమ్మ గీసింది.
ఇక బతికినన్నాళ్లూ ఇన్సులిన్ అంది.
అమ్మ ఏడ్చింది. నాయన ఒకటే అడిగాడు:
"రోజుకెన్నిసార్లు చూడాలి?"
విడవలూరు రొయ్యల గుంటలకి ఏడేళ్లు కాపలా ఉన్న మనిషికి
చూడటం ఒక్కటే తెలిసిన వైద్యం.

ఆటలు మాన్పించమన్నారు చుట్టాలు.
ఆయన ఒప్పుకోలా.
"కదలని నీళ్లే ముందు చెడేది" అన్నాడు.

కబడ్డీలోకి పోయాక తెలిసింది,
కూత పెట్టి అవతలి గీత దాటితే
భయానికో పౌరుషానికో షుగరు పైకి ఎగురుద్ది.
ఏమీ తినకుండానే రెండొందల ముప్పై.
అదే గట్టు మీద నిదానంగా ఆరు చుట్లు పరిగెత్తితే
జారుద్ది.
అప్పుడు కాదు,
అన్నం తిని, పడుకుని, అందరూ మరిచాక.
నాయనకి చెబితే నవ్వాడు.
"చెరువూ అంతేగదమ్మే.
ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం నీళ్లకి పొగరు.
తెల్లారుజామున గండం."

ఇద్దరికీ ఒకే పుస్తకం.
ఎడమ పేజీ రెండో నెంబరు గుంట, కుడి పేజీ నేను.
మేత ఎంత. ఏరేటరు ఎన్ని గంటలు.
ఇడ్లీలు ఎన్ని. యూనిట్లు ఎన్ని.
పరుగుంటే సూది పొట్టకే, తొడకి వద్దు.
ప్రాక్టీసు రోజు రెండు యూనిట్లు కోత.
రెండొందల యాభై దాటితే బూట్లు విప్పాలి.
ఒకసారి పేజీ తారుమారై
నాకు రాత్రి మేత నాలుగు కిలోలని రాశాడు.

రొయ్యకి వంద కౌంటంటే నలుసు, ధర రాదు.
నాకు వందంటే పండగ.
స్ట్రిప్పు ఇరవై రూపాయలు.
ధర పడిపోయిన ఏడాది రోజుకి ఆరు పరీక్షలు మూడయ్యాయి.
ఆ మూడింటిలో రాత్రిదాన్ని మాత్రం
ఎవర్నీ ముట్టుకోనివ్వలా.

మొన్న కావలిలో జోనల్ మ్యాచి.
రెండో సగంలో కాళ్లు ఎవరివో అయినాయి,
ఒక గీత రెండు గీతలైంది. చెయ్యెత్తాను.
అవతలి పిల్లలు జడిసిందన్నారు.
బెంచీ మీద యాభై ఎనిమిది.
గ్లూకోజు పొడి అంగిట్లో అంటుకుపోయి
పదిహేను నిమిషాలు.
ఈలోగా హిమజ రైడుకి పోయి దొరికిపోయింది.
రెండు పాయింట్లతో ఓడాం.

ఆ రాత్రి అలారం మోగింది. నాయన లేవలా.
మూడో గుంట పట్టుబడికి రెండు రోజులు నిలబడి
చొక్కా విప్పకుండానే పడిపోయి ఉన్నాడు.
నేనే గుచ్చుకున్నా. అరవై నాలుగు.
మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగి
బ్యాటరీ లైటు తీసుకున్నా.
ఈ నెంబరుతో గట్టెక్కకూడదని
కుడి పేజీలో నా చేత్తోనే రాసుంది.
ఎక్కాను.

రెండో గుంట ఏరేటరు ఆగి ఉంది.
వెలుతురు పడితే అంచు పొడుగునా ఎర్రటి కళ్లు,
ఊపిరి కోసం పైకొచ్చి.
మీటరు రెండు పాయింట్ ఆరు.
పచ్చ బటన్ నొక్కాను.
రెక్కలు ఒకసారి మూలిగి నీళ్లని కొట్టాయి.

ఇంజను షెడ్డు మెట్టు మీద కూలబడ్డా.
చెమటకి గాలి చల్లగా తగులుతోంది.
పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వణికే అక్షరాలతో
రెండు పేజీల్లోనూ ఒకే టైం వేశాను.
మూడూ పన్నెండు.
ఎదురుగా నెంబరు రాసే చోటు
రెండింట్లోనూ ఖాళీగా వదిలి.